పెట్రోల్ నుంచి విద్యుత్తుకు మళ్లుతున్న మోటారు సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

మోటారు సైకిల్‌కు విద్యుత్తు వస్తోందా రాదా అన్న చర్చ ఇక అనవసరం. అది ఎప్పుడో వచ్చేసింది. ఏ రకం ప్రయాణానికి ముందు వస్తుంది, దేనికి చివరగా వస్తుంది, దేనికి అసలు రాకపోవచ్చు అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం. ఎంత దూరం, ఎంత వేగంతో నడుపుతారన్న రెండు సంగతులే ఈ మార్పులో చాలా మటుకు నిర్ణయిస్తాయని ఈ కింది సమాధానాలు చదివితే అర్థమవుతుంది.

పెట్రోల్ బైకులు త్వరలోనే ఆగిపోతాయా?

అన్ని చోట్లా ఒకేసారి ఆగిపోవు. 2035 నుంచి కర్బన ఉద్గారాలు లేని కొత్త కార్లు, వ్యాన్‌లు మాత్రమే అమ్మాలని ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టంలో మోటారు సైకిళ్ల ప్రస్తావనే లేదు. దాన్ని చూపించి పెట్రోల్ బైకులకు కూడా అదే గడువు అని రాసేవాళ్లు తరచుగా కనిపిస్తారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. మరోవైపు, కొన్ని నగరాలు జాతీయ చట్టాల కోసం ఎదురుచూడకుండా ముందుకు వెళ్లాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరం 2007లోనే మోటారు సైకిళ్లను నిషేధించింది. రువాండా రాజధాని కిగాలీలో 2025 జనవరి నుంచి కొత్తగా నమోదయ్యే బైక్ ట్యాక్సీలు విద్యుత్తువే కావాలి. హనోయ్ నడిబొడ్డున పెట్రోల్ బైకుల రాకపోకలను ఆపాలని వియత్నాం ప్రభుత్వం 2025 జులైలో ఆదేశించింది. తయారీదారుల వైపు నుంచి చూస్తే, తన మోటారు సైకిళ్లన్నింటినీ 2040 దశకంలో కర్బన తటస్థ స్థితికి తీసుకురావాలన్నది హోండా పెట్టుకున్న లక్ష్యం. అందువల్ల మీ బండికి గడువు మీ దేశం పెడుతుందో, మీ నగరం పెడుతుందో, తయారీదారు పెడుతుందో ఒకే మాటలో చెప్పడం కుదరదు. నగరమే ముందు పెట్టే అవకాశం మాత్రం ఎక్కువ.

ఒక్క ట్యాంకు పెట్రోల్‌తో వెళ్లినంత దూరం ఒక్క ఛార్జింగ్‌తో ఎందుకు వెళ్లలేము?

దీనికి సమాధానం కాస్త లెక్కతో కూడినది, కానీ ఈ వ్యవహారం మొత్తానికి ఇదే కీలకం. ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. యూనిట్ అంటే కరెంటు మీటరు చూపించే కిలోవాట్ అవరే. 15 లీటర్ల ట్యాంకు నిండితే 135 యూనిట్లు బండిలో ఉన్నట్లు. అయితే ఇంజిన్ అందులో పావు వంతును మాత్రమే చక్రానికి చేర్చి, మిగతాదంతా వేడిగా సైలెన్సర్ నుంచి, రేడియేటర్ నుంచి వదిలేస్తుంది. అంటే పనికొచ్చేది 34 యూనిట్లు. విద్యుత్ మోటారు ఇంత దుబారా చేయదు, బ్యాటరీ నుంచి తీసుకున్నదాంట్లో 85 నుంచి 90 శాతం చక్రానికి అందిస్తుంది. కాబట్టి అదే 34 యూనిట్లు చక్రం దగ్గర కావాలంటే 39 యూనిట్ల బ్యాటరీ సరిపోతుంది.

ఇంతవరకు విద్యుత్తుదే పైచేయి. చిక్కంతా బరువు దగ్గర వస్తుంది. 2023 నుంచి పోటీలలో నడిచిన డుకాటీ వీ21ఎల్ బైకులో 18 యూనిట్ల బ్యాటరీ బరువు 110 కిలోలు. అదే నిష్పత్తిలో 39 యూనిట్ల బ్యాటరీ కడితే అది దాదాపు 240 కిలోలు తూగుతుంది. చాలా బైకుల మొత్తం బరువే అంత ఉండదు. 15 లీటర్ల పెట్రోల్ బరువేమో 11 కిలోలు. ఈ తేడా ఇంజినీర్ల అశ్రద్ధ వల్ల వచ్చింది కాదు, నేటి లిథియం అయాన్ సెల్‌లో ఇమిడే శక్తికి ఉన్న హద్దు వల్ల వచ్చింది.

పట్టణంలో బాగానే వచ్చే రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం) హైవే ఎక్కగానే సగానికి ఎందుకు పడిపోతుంది?

గాలి వల్ల. బండి వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. కారుతో పోలిస్తే బైకు చిన్నదే అయినా, నిటారుగా కూర్చున్న మనిషి, అద్దాలు, హ్యాండిల్, బయటికి కనిపించే చక్రాలు అన్నీ కలిసి గాలిని చిందరవందర చేస్తాయి. మధ్యస్థ పరిమాణం గల ఒక బైకు గంటకు 50 కిలోమీటర్ల నిలకడ వేగంతో వెళ్తే కిలోమీటరుకు సుమారు 30 నుంచి 35 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్) ఖర్చవుతాయి. అదే బైకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 90 దాటిపోతుంది. 15 యూనిట్ల బ్యాటరీ ఉన్న బండి హైవేపై 160 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఆగాల్సి వస్తుందన్నమాట.

పెట్రోల్ బండికీ ఇదే గాలి, ఇదే నిరోధం. అయితే పెట్రోల్ ఇంజిన్ తక్కువ వేగంలో, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో మరీ అధ్వానంగా ఇంధనం తాగుతుంది కాబట్టి, హైవే మైలేజీ దానికి పట్టణం కంటే మెరుగ్గానో సమానంగానో కనిపిస్తుంది. విద్యుత్ బండి పట్టణంలో పెద్దగా వృథా చేయదు కనుకనే హైవేలో పడే భారం కొట్టొచ్చినట్లు తెలుస్తుంది. ప్రకటనల్లో ఒకే ఒక్క రేంజ్ అంకె చూపిస్తే అది పట్టణపు అంకె అనుకోవడం క్షేమం.

కార్లలో పెద్ద బ్యాటరీ పెట్టగలిగినప్పుడు బైకులో ఎందుకు పెట్టలేరు?

కారు నేల కింద విశాలమైన జాగా ఉంటుంది, 400 కిలోల బ్యాటరీ పరిచినా అది కారు మొత్తం బరువులో నాలుగో వంతో ఐదో వంతో అవుతుంది, పైగా కారు నాలుగు చక్రాలపై తనంతట తాను నిలబడుతుంది. బైకును మనిషి కాలు ఆన్చి ఆపాలి, చేతులతో నెట్టి పార్క్ చేయాలి, మలుపులో ఒంచాలి. రెండు చక్రాల నడుమ, మోకాళ్ల మధ్య పట్టేంత వెడల్పులోనే అన్నీ సర్దాలి. కారు బ్యాటరీలు చవకైనా బైకులకు ఆ ప్రయోజనం పూర్తిగా అందకపోవడానికి కారణం ఇదే: ఇక్కడ ధర కంటే ముందు బరువు, జాగా అడ్డొస్తాయి.

ఛార్జింగ్‌కు ఎంత సమయం పడుతుంది?

మూడు రకాలుగా చూడాలి. ఇంట్లో ఎయిర్ కండిషనర్‌కు వాడే రకం ప్లగ్ నుంచి 3 కిలోవాట్లు తీసుకుంటే 15 యూనిట్ల బ్యాటరీ నిండడానికి ఐదు గంటలు దాటుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీసేవారికి ఇది సమస్యే కాదు. ఇళ్లకు వచ్చే రకం (ఏసీ) కరెంటు ఇచ్చే 6 కిలోవాట్ల ఛార్జర్‌తో ఆ సమయం సగమవుతుంది. బ్యాటరీకి నేరుగా ఒకే దిశ (డీసీ) కరెంటు పంపి త్వరగా నింపే, కార్లకు వాడే ఫాస్ట్ ఛార్జింగ్ కొన్ని బైకులకే ఉంది. 2019లో హార్లీ డేవిడ్‌సన్ తెచ్చిన లైవ్‌వైర్ 40 నిమిషాలలో 80 శాతం నిండేలా తయారైంది. హోండా 2025లో ప్రకటించిన డబ్ల్యూఎన్7 కూడా 20 నుంచి 80 శాతానికి అరగంటలో చేరుతుందని సంస్థ చెబుతోంది.

నిజానికి ఛార్జింగ్ వేగం కన్నా మీ బండికి ఏ రకం సాకెట్ ఉంది అన్న ప్రశ్న ముఖ్యమైనది. డీసీ సాకెట్ లేని బైకును హైవే పక్కన ఎంత శక్తిమంతమైన ఛార్జర్ దగ్గర నిలబెట్టినా ఫలితం ఉండదు. కొనేటప్పుడు చాలామంది అడగని విషయం ఇది.

ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండిన బ్యాటరీ తీసుకునే పద్ధతి దీనికి పరిష్కారం కాదా?

చిన్న బండ్లకు చక్కటి పరిష్కారమే. తైవాన్‌లో గొగోరో సంస్థ 2015 నుంచి దీన్ని నడిపిస్తోంది. హోండా, యమహా, కేటీఎం, పియాజియో సంస్థలు ఉమ్మడి ప్రమాణం కోసం 2021లో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. హోండా మొబైల్ పవర్ ప్యాక్‌ను తీసుకుంటే, పైన పిడి ఉన్న పెట్టె లాంటి ఆ బ్యాటరీ పది కిలోలకు కొంచెం పైన తూగుతుంది, లోపల 1.3 యూనిట్ల శక్తి ఉంటుంది. ఒక చేత్తో ఎత్తి, సీటు కింద నిలువుగా దించి, పిడి మడిచి సీటు మూసేస్తే పని పూర్తి. స్కూటర్‌లో ఇలాంటివి రెండు చాలు.

ఇదే పద్ధతిని పెద్ద బైకుకు వర్తింపజేసి చూడండి. 15 యూనిట్లు కావాలంటే పన్నెండు ప్యాక్‌లు మార్చాలి, మొత్తం 120 కిలోలు ఎత్తి దించాలి. అందుకే మార్పిడి కేంద్రాలు స్కూటర్లను, సరకు చేరవేసే బండ్లను, బైక్ ట్యాక్సీలను గెలుచుకుంటాయి. దూరప్రయాణపు బైకులు మాత్రం కార్లతో కలిసి ఛార్జర్ దగ్గర వరుసలో నిలబడక తప్పదు.

క్లచ్, గేర్లు లేకుండా నడపడం ఎలా ఉంటుంది?

నేర్చుకునేవారికి సులభం, ఏళ్ల తరబడి గేర్ల బండి నడిపినవారికి మొదట్లో వింత. మోటారు తిరగడం మొదలుపెట్టిన క్షణం నుంచే పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇవ్వగలదు కాబట్టి గేర్ల అవసరం చాలా మటుకు ఉండదు. బ్రామ్మో అనే అమెరికన్ సంస్థ 2012 ప్రాంతంలో తన ఎంపల్స్ బైకుకు ఆరు గేర్ల పెట్టె కూడా అమర్చింది, కానీ మిగతావారిలో చాలామంది ఆ దారి పట్టలేదు.

అలవాటు పడడానికి సమయం తీసుకునేది వేగంలో కాదు, నెమ్మదిలో. ఇరుకు రోడ్డులో యూ టర్న్ తీసుకునేటప్పుడు గేర్ల బండి నడిపేవారు ఎక్సిలరేటర్‌ను ఒకచోట నిలిపి, క్లచ్‌ను సగం పట్టి వదులుతూ, వెనక బ్రేకును పాదంతో తాకీ తాకనట్లు నొక్కుతూ బండిని తూచినట్లు నడిపిస్తారు. విద్యుత్ బండిలో ఎడమ చేతికి ఆ పని లేదు. మణికట్టు కదలిక ఒక్కటే మోటారుకు ఆజ్ఞ, అది కొంచెం ఎక్కువైతే బండి ముందుకు దూకుతుంది, పూర్తిగా వదిలేస్తే రీజెనరేషన్ (మోటారే బండి వేగం తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) పట్టుకుని బండి ఆగినంత పనవుతుంది. మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్ మంచిదైన బండిలో ఎక్సిలరేటర్ మొదటి కొన్ని డిగ్రీల స్పందనను మెత్తగా ఉంచుతారు. టెస్ట్ రైడ్‌లో పికప్ చూసి మురిసిపోయే బదులు, నడక వేగంతో ఎనిమిది ఆకారంలో రెండు చుట్లు తిప్పి చూస్తే ఆ బండి తయారీదారు ఎంత శ్రద్ధ పెట్టాడో తెలిసిపోతుంది.

ఇంకొక జాగ్రత్త ఉంది: ఆగి ఉన్న విద్యుత్ బండి ఆన్‌లో ఉన్నా చప్పుడు చేయదు. సైడ్ స్టాండ్ వేయకుండా, ఆఫ్ చేయకుండా బండిని నెట్టేటప్పుడు చేయి ఎక్సిలరేటర్‌కు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు.

బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే శక్తితో రేంజ్ బాగా పెరుగుతుందా?

కార్లలో పెరిగినంత పెరగదు. బ్రేకు వేయగానే బైకు బరువు చాలా మటుకు ముందు చక్రం మీదికి వెళ్తుంది, మోటారేమో వెనక చక్రానికి ఉంటుంది. వెనక చక్రం రోడ్డును గట్టిగా పట్టుకోలేని ఆ సమయంలో ఎక్కువ శక్తి రాబట్టాలని చూస్తే చక్రం జారిపోతుంది. ట్రాఫిక్‌లోనూ ఘాట్ దిగేటప్పుడూ కొంత లాభం కనిపిస్తుంది. నిలకడగా సాగే హైవేలో అసలు బ్రేకు వేయడమే అరుదు కాబట్టి లాభం దాదాపు శూన్యం.

శబ్దం లేకపోవడం ప్రమాదకరమా?

తక్కువ వేగంలో పాదచారులకు కొంత ప్రమాదమే. విద్యుత్ వాహనాలు హెచ్చరిక ధ్వని చేయాలన్న ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన కార్లకు, బస్సులకు, లారీలకు మాత్రమే వర్తిస్తుంది, ద్విచక్ర వాహనాలకు కాదు. అయితే సైలెన్సర్ హోరే బైకు నడిపేవారి ప్రాణాలు కాపాడుతుందన్న వాదనను మరీ గట్టిగా నమ్మనక్కర్లేదు, ఆ శబ్దం ఎక్కువగా వెనక్కి పోతుంది, ముందున్న కారులో అద్దాలు మూసుకుని కూర్చున్నవారికి అది ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్ శబ్దం మీద మమకారం వేరే విషయం, దానికి ఏ సాంకేతిక సమాధానమూ లేదు.

బొగ్గుతో చేసిన కరెంటుతో నడిపితే పర్యావరణానికి ఒరిగేదేమిటి?

ఒరిగేది ఉంది, కానీ ఎవరికి ఎంత అన్నది నడిపే దూరాన్ని బట్టి ఉంటుంది. ఒక లీటరు పెట్రోల్ మండితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే చిన్న బండి కిలోమీటరుకు 46 గ్రాములు వదులుతుంది. అదే పని చేసే విద్యుత్ బండికి, బొగ్గు పాలు ఎక్కువగా ఉండి యూనిట్‌కు 700 గ్రాములు వెలువడే కరెంటు వాడినా, ఛార్జింగ్ నష్టాలతో కలిపి 27 గ్రాములకు మించదు. ఇక బ్యాటరీ తయారీలో వెలువడేది ఒక్కో యూనిట్ సామర్థ్యానికి 80 కిలోలని వేసుకుంటే, 3 యూనిట్ల బ్యాటరీకి 240 కిలోలు. ఈ అప్పు సుమారు 12,500 కిలోమీటర్లకు తీరిపోతుంది. రోజూ ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు ఏడాదిన్నరలోపే ఆ దూరం తిరుగుతారు.

లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే పెద్ద బైకును 15 యూనిట్ల విద్యుత్ బైకుతో పోల్చి ఇదే లెక్క వేస్తే, బ్యాటరీ అప్పు తీరడానికి 22,000 కిలోమీటర్లకు పైగా కావాలి. సెలవు రోజుల్లో మాత్రమే సరదాగా తీసేవారికి, ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరిగేవారికి, అది ఐదేళ్ల పైమాటే. పెట్రోల్ శుద్ధిలో, రవాణాలో వెలువడేది ఈ లెక్కలో కలపలేదు. కలిపితే తూకం విద్యుత్తు వైపు ఇంకాస్త మొగ్గుతుంది. కరెంటులో సౌరశక్తి, జలశక్తి వాటా పెరిగినా అంతే. అయినా, తక్కువ తిరిగే మంచి కండిషన్‌లోని పాత బైకును పర్యావరణం పేరు చెప్పి వదిలించుకోవడం సమంజసం కాదు. ఎక్కువ తిరిగే బండిని మార్చితేనే ఎక్కువ మేలు.

బ్యాటరీ ఎన్నాళ్లు ఉంటుంది? దాన్ని ఎలా చూసుకోవాలి?

నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్ఎంసీ రకం సెల్‌లు సుమారు వెయ్యి పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత తమ సామర్థ్యంలో 80 శాతానికి తగ్గుతాయి. ఒక్కో ఛార్జింగ్‌కు 150 కిలోమీటర్లనుకున్నా అది లక్షన్నర కిలోమీటర్ల మాట, చాలా బైకులు తమ జీవితకాలంలో అంత తిరగవు. ఇనుము, ఫాస్ఫేట్ ఉండే ఎల్ఎఫ్‌పీ రకం ఇంకా ఎక్కువ కాలం మన్నుతుంది, అయితే అదే శక్తికి బరువు ఎక్కువ.

తిరగడం వల్ల కంటే వేడి వల్ల, నిండుగా నింపి ఊరకే ఉంచడం వల్ల బ్యాటరీ ఎక్కువగా పాడవుతుంది. కొన్ని వారాలు బండి తీయనప్పుడు సగం ఛార్జింగ్‌తో నీడపట్టున ఉంచాలి. ఎండలో గట్టిగా నడిపి వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకుండా చల్లారనివ్వాలి. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వత నష్టం జరుగుతుంది. మంచి బండ్లలో బ్యాటరీ నియంత్రణ వ్యవస్థ ఆ పరిస్థితిలో ఛార్జింగ్‌ను తనే ఆపేస్తుంది.

మంటల భయం ఎంతవరకు నిజం?

పెట్రోల్ బండ్లు కూడా తగలబడతాయి; తేడా మంట స్వభావంలో ఉంది. ఒక సెల్ లోపల షార్ట్ అయి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌ను అంటుకుంటుంది, అది దాని పక్కదాన్ని. ఈ గొలుసు మొదలయ్యాక బయటి గాలి అందకుండా చేసినంత మాత్రాన ఆరదు, ఎక్కువ నీటితో చాలాసేపు చల్లబరచాలి, ఆరినట్లు కనిపించి మళ్లీ రాజుకోవచ్చు కూడా. 2019 మార్చిలో స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాక్‌లో ఆ ఏడాది విద్యుత్ బైకుల పోటీలైన మోటోఈకి సిద్ధం చేసిన బైకులన్నీ ఒకే రాత్రి కాలిపోయాయి. ఇంట్లో పాటించాల్సినవి కొన్నే: తయారీదారు ఇచ్చిన ఛార్జర్ తప్ప వేరేది వాడకూడదు, కింద పడి దెబ్బతిన్న లేదా ఉబ్బిన బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు, ఇంటి నుంచి బయటికి వెళ్లే ఏకైక దారిలో ఛార్జింగ్ పెట్టకూడదు.

సర్వీసింగ్ ఖర్చు నిజంగానే తక్కువా?

తక్కువే. ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, వాల్వ్ సర్దుబాటు, క్లచ్ ప్లేట్లు ఉండవు. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, చైన్ లేదా బెల్ట్, బేరింగులు, సస్పెన్షన్ మామూలే. టైర్లు మాత్రం బరువు వల్ల, టార్క్ వల్ల త్వరగా అరుగుతాయి. 60 వోల్టులు దాటిన డీసీ వ్యవస్థను అధిక వోల్టేజీగా పరిగణిస్తారు కాబట్టి, అలాంటి బండి బ్యాటరీ జోలికి శిక్షణ లేని మెకానిక్‌ను వెళ్లనివ్వకూడదు.

హైడ్రోజన్, కృత్రిమ పెట్రోల్ వస్తే బ్యాటరీల అవసరమే ఉండదంటారు. నిజమేనా?

హైడ్రోజన్ తేలిక, కానీ చోటు తినేస్తుంది. 700 బార్ పీడనంలో కుదించినా ఒక కిలో హైడ్రోజన్‌కు దాదాపు 25 లీటర్ల జాగా కావాలి, దానికి మందమైన గుండ్రటి సిలిండర్ కావాలి. హోండా, కవాసాకి, సుజుకి, యమహా 2023లో కలిసి హైడ్రోజన్ ఇంజిన్ల పరిశోధన సంఘం పెట్టాయి. కవాసాకి 2024లో అలాంటి బైకును జనం ముందు నడిపి చూపింది. వెనక చక్రానికి ఇరువైపులా పెద్ద పెట్టెలు మోస్తున్న ఆ బండి రూపమే సమస్య ఏమిటో చెబుతుంది.

కృత్రిమ పెట్రోల్ సంగతి వేరు. ఇది పనిచేస్తుంది, ఉన్న ఇంజిన్లలోనే మండుతుంది. పెట్రోల్ బైకుల ప్రపంచ స్థాయి పోటీలైన మోటోజీపీలో 2024 నుంచి ఇంధనంలో కనీసం 40 శాతం శిలాజేతరం కావాలి, 2027 నుంచి మొత్తం అదే కావాలి. అయితే ఒక యూనిట్ కరెంటుతో హైడ్రోజన్ చేసి, దానికి గాలిలోని కార్బన్ కలిపి, పెట్రోల్‌గా మార్చి ఇంజిన్‌లో మండిస్తే చక్రానికి చేరేది ఏడో వంతో, అంతకన్నా తక్కువో. బ్యాటరీ దారిలో మూడింట రెండు వంతులకు పైగా చేరుతుంది. విమానాలకు, ఓడలకు కూడా ఇదే ఇంధనం కావాలి కాబట్టి ఇది రోజువారీ బండ్లకు చవకగా దొరుకుతుందని నా అంచనాలో లేదు. పాత బైకులను, పోటీ బైకులను బతికించేందుకు మాత్రం ఇది పనికొస్తుంది.

పోటీ రంగం ఏం చెబుతోంది?

రెండు వేర్వేరు కథలు చెబుతోంది. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీలో 60.7 కిలోమీటర్ల ఒకే చుట్టుగా సాగిన విద్యుత్ పోటీలో సగటు వేగం 2012లో తొలిసారి గంటకు 100 మైళ్లు దాటింది, 2019 నాటికి దాదాపు 122 మైళ్లకు చేరింది. మోటోఈలో డుకాటీ బైకు 275 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. వేగానికి లోటు లేదు. పోటీ దూరం మాత్రం మోటోజీపీలో సగం కూడా ఉండేది కాదు, ప్రేక్షకులూ పెద్దగా రాలేదు. 2025 సీజన్ తర్వాత మోటోఈని నిలిపివేశారు.

మట్టి మీద కథ వేరు. స్పెయిన్‌లోని స్టార్క్ సంస్థ చేసిన వార్గ్ అనే మోటోక్రాస్ (గుట్టల మట్టి ట్రాక్‌పై పోటీ) బైకు 80 హార్స్‌పవర్ ఇస్తూ పెట్రోల్ బైకులతో సమానంగా తలపడుతోంది. మోటోక్రాస్‌లో పరుగు పొట్టిది, వేగం తక్కువ, గాలి నిరోధం లెక్కలోకి రాదు. రాళ్లు, అడ్డంకుల మీదుగా నెమ్మదిగా నడిపే ట్రయల్స్ బైకులకైతే ఇంకా తక్కువ శక్తి చాలు. పైగా చప్పుడు లేకపోవడం వల్ల, శబ్దంపై ఫిర్యాదులతో మూతపడే స్థితికి వచ్చిన ట్రాక్‌లకు ఇది ప్రాణం పోయవచ్చు.

విద్యుత్ బైకుల సంస్థలు మూతపడుతున్నాయి కదా, కొంటే తర్వాత దిక్కెవరు?

సబబైన భయమే. మిషన్ మోటార్స్ 2015లో, ఆల్టా 2018లో, మోటోఈకి తొలి బైకులు ఇచ్చిన ఇటలీ సంస్థ ఎనర్జికా 2024లో చేతులెత్తేశాయి. ఇవన్నీ ఎక్కువ వేగం లేదా ఎక్కువ ధర గల బైకులు చేసినవే కావడం గమనించాలి. కొనే ముందు మూడు సంగతులు అడగండి: ఫోన్ యాప్, సర్వర్ లేకపోయినా బండి నడుస్తుందా, ఛార్జ్ అవుతుందా; బ్యాటరీలోని ఒక మాడ్యూల్ (సెల్‌ల గుంపు) పోతే అదొక్కటే మార్చవచ్చా, మొత్తం మార్చాలా; ఛార్జింగ్ సాకెట్ అందరూ వాడే ప్రమాణానిదేనా. మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మిగతావి అడగనక్కర్లేదు.

నా పాత పెట్రోల్ బైకు ఏమవుతుంది?

చాలా కాలం నడుస్తుంది. నడిపే హక్కు కంటే ముందు విడిభాగాలు, ఇంధనం రూపంలో ఇబ్బంది ఎదురవుతుంది. ఇథనాల్ పాలు పెరిగిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను తినేస్తుంది, తేమను పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పుకు దారితీస్తుంది. గొట్టాలు, సీళ్లు కొత్త రకానివి వేయించి, నెలల తరబడి ఆపేటప్పుడు కార్బ్యురేటర్ ఖాళీ చేస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇప్పుడే విద్యుత్ బైకు కొనాలా, ఆగాలా?

రోజుకు వంద కిలోమీటర్ల లోపు తిరుగుతూ, ఇంట్లోనో పనిచేసే చోటనో ప్లగ్ ఉన్నవారు ఆగడానికి బలమైన కారణం లేదు. మట్టి ట్రాక్‌లలో నడిపేవారు ఇప్పటికే నిశ్చింతగా మారవచ్చు. ప్లగ్ లేని అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు దగ్గరలో మార్పిడి కేంద్రం ఉంటే తప్ప తొందరపడకూడదు. ఒకే రోజులో ఐదారు వందల కిలోమీటర్లు వెళ్లేవారు, వెనక మనిషితో, సామానుతో హైవే వేగంతో వెళ్లేవారు, ఒకే బరువులో ఇప్పటికి రెట్టింపు శక్తి పట్టే బ్యాటరీ మార్కెట్‌లో నిజంగా అమ్మకానికి వచ్చేదాకా పెట్రోల్ బండినే ఉంచుకోవడం మంచిది. ప్రయోగశాల ప్రకటనలను, ప్రదర్శనలలో తిప్పే నమూనాలను లెక్కలోకి తీసుకోవద్దు.